దుడ్లకు పోయిన పిల్ల

జనవరిలో ఒక ఆదివారం. మా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోతుంది, పప్పు టక్కున గిన్నెలో పడుతుంది. మా కదిరిలో ఇది పితికిన పప్పు. ఇక్కడ బెంగళూరులో మా కింది ఫ్లాట్ కన్నడం వాళ్లకు హితికిద బేళె. అంతలో మా అమ్మాయి ఫుట్‌బాల్ ప్రాక్టీస్ నుంచి వచ్చింది. బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి, "షీ ఈజ్ ఎ ట్రెయిటర్" అంది.

"ఎవరే?" అన్నాను.

నాలుగేళ్లుగా తనతో కలిసి ఆడుతున్న స్నేహితురాలి గురించి. ఆ పిల్లది హలసూరు పక్కన గౌతంపుర. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు పెలే విగ్రహం పెట్టుకున్న పేట అది, అక్కడ పిల్లలు నడక నేర్చిన మర్నాటి నుంచే బంతి తంతారు. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. ఊరవతల ఒక పెద్ద అకాడమీ వాళ్లు ఆమె ఆట చూసి, ఫీజు వద్దు, బూట్లు మేమే ఇస్తాం, ఉదయం టిఫిన్ కూడా పెడతాం అన్నారట. వెళ్లిపోయింది. వచ్చే నెల టోర్నమెంట్ ఉండగా వెళ్లిపోయింది, అదీ మావాళ్ల బాధ.

"డబ్బు కోసం వెళ్లిందమ్మా. రొనాల్డో సౌదీకి వెళ్లినట్టు."

అమ్మకు ట్రెయిటర్ అన్న మాట తెలియదు కానీ డబ్బు అన్నది వినబడింది. చేతిలో గింజ అలాగే పట్టుకుని, "దుడ్లకు పోతే తప్పేముందే పాపా? మీయమ్మ ఈ ఊరికి ఎందుకొచ్చిందో ఎప్పుడన్నా అడిగినావా?" అంది.

ఈ దుడ్లు అన్న మాటకు మా ఇంట్లో ఒక కథ ఉంది. మా ఆయనది తెనాలి, ఆయన డబ్బులంటారు. మా అమ్మ దుడ్లంటుంది. బడిలో కన్నడం టీచర్ దుడ్డు అనడం విని వచ్చి, "అవ్వకు కన్నడం వచ్చే!" అని మా అమ్మాయి ఒకటో తరగతిలో ఎంత సంబరపడిందో. గెలుపూ అంతే, అక్కడ గెలువు. రెండు భాషల్లోనూ పక్కపక్కనే పెరిగిన దుడ్లూ గెలుపూ అన్న ఈ రెండు మాటలూ మా పిల్ల మనసులో శత్రువులైపోయాయని ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాదన బాగానే జరిగింది. నాలుగేళ్లు గ్రౌండ్ గట్టు మీద కూర్చుని నేనూ ఈ ఆట నేర్చుకున్నాను. రొనాల్డో 2022 చివర్లో సౌదీ క్లబ్ అల్ నస్ర్‌తో సంతకం చేశాడు, ఏడాదికి 20 కోట్ల యూరోల దాకా అని పత్రికలు రాశాయి. అప్పటికి అతనికి 37 ఏళ్లు, ఐరోపా క్లబ్బుల్లో అన్నిటికంటే పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్‌ను ఐదుసార్లు గెలిచేశాడు. తప్పేముంది అన్నారు మా ఆయన. "మరి మెస్సీ?" అంది మా అమ్మాయి. 2023లో సౌదీ పిలిచినా అతను అమెరికాలో మయామీకి వెళ్లాడు. డబ్బే కావాలనుకుంటే అరేబియాకే వెళ్లేవాడినని తనే చెప్పాడు కూడా. అదీ నిజమే. కానీ మెస్సీ ఇంట్లో ఆ రోజుకు పాల బిల్లు బాకీ లేదు కదా.

నాకు ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ కేన్ గుర్తొచ్చాడు. పదకొండేళ్ల వయసు నుంచీ లండన్ క్లబ్ టోటెన్‌హామ్. ఆ క్లబ్ చరిత్రలో అతనంత ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు లేరు, చేతిలో మాత్రం ఒక్క కప్పు లేదు. 2023 ఆగస్టులో బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. వరుసగా 11 సార్లు జర్మనీ లీగ్ గెలిచిన జట్టు అది. ఇతను వెళ్లిన ఏడాదే ఆ లీగ్‌ను లెవర్కూసెన్ అనే ఇంకో జట్టు ఎత్తుకుపోయింది. 2025 మేలో చివరికి అతనికి కప్పు దక్కింది. అదే నెలలో, అతను వదిలి వచ్చిన టోటెన్‌హామ్ ఐరోపాలో రెండో పెద్ద కప్పు యూరోపా లీగ్ గెలిచింది. ఎంబాపేదీ దాదాపు అదే సంగతి. గెలవాలని 2024లో పారిస్ జట్టును వదిలి, అక్కడికంటే తక్కువ జీతానికే రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడని అందరూ రాశారు. మర్నాటి ఏడాది మే 31న పారిస్ జట్టు ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి తన మొదటి ఛాంపియన్స్ లీగ్ ఎత్తింది. అతను టీవీలో చూసి ఉంటాడు.

"అందుకని గెలవాలనుకోవడం తప్పా?" అంది మా అమ్మాయి. తప్పు కాదు తల్లీ. జీతం కాగితం మీద రాస్తారు, కప్పు రాయరు, అంతే. సంతకం పెట్టేవాడికి ఆ రోజు గట్టిగా తెలిసేవి రెండే: ఎన్నేళ్లు, ఎంత. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధనల ప్రకారం పెద్దవాళ్ల ఒప్పందం ఐదేళ్లకు మించకూడదు, పద్దెనిమిది నిండని పిల్లలదైతే మూడేళ్లకు మించకూడదు. ఆ గడువులో మోకాలు ఒకసారి తిరగబడితే తర్వాతి కాగితం ఎవరిస్తారు? ముప్పయ్యో ఏడు దాటాక మా ఆఫీసుల్లో మేనేజర్ అవుతాం. ఫుట్‌బాల్‌లో ముసలివాడివి అంటారు.

మన దేశంలో ఈ లెక్క ఇంకా వేరు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లు ఉద్యోగస్తులు. పోలీసు జీతమూ వాళ్లదే, కప్పూ వాళ్లదే. కేరళ పోలీసులో మొదలుపెట్టిన ఐ.ఎం. విజయన్ కోల్‌కతా మోహన్ బగాన్ లాంటి పెద్ద క్లబ్బులకు ఆడి, మళ్లీ పోలీసుకే వచ్చాడు, అక్కడే 2025లో రిటైరయ్యాడు. మన తల్లిదండ్రులు స్పోర్ట్స్ కోటా అంటే ఎందుకంత ఇదవుతారో నాకు అర్థమవుతుంది. మా అమ్మాయి వేసుకు తిరిగే నీలి జెర్సీ బెంగళూరు ఎఫ్‌సీది. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2013 నుంచీ ఉన్న క్లబ్, కంఠీరవ స్టేడియంలో ఆమె గొంతు పోయేలా అరిచే క్లబ్. ఇండియన్ సూపర్ లీగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక 2025 ఆగస్టులో వాళ్లే మొదటి జట్టు జీతాలు ఆపామని ప్రకటించారు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే ఫైనల్ ఆడిన ఆటగాళ్లు వాళ్లు. ఆ వార్త ఆమెకు గుర్తుంది. ఏమీ మాట్లాడకుండా పెరుగన్నం కలుపుకుంది.

అమ్మ అడిగిన మాట మాత్రం నా లోపలే ఉండిపోయింది. పిల్లలకు ఏ లోటూ తెలియకూడదనే ఈ ఊరు వచ్చాం. లోటు తెలియని పిల్లకు డబ్బు కోసం కదిలినవాళ్లు చెడ్డవాళ్లుగా కనబడటంలో ఆమె తప్పు లేదు, చెప్పని తప్పు నాది. మర్నాడు సాయంత్రం అలమారా పైఅరలోంచి ప్లాస్టిక్ ఫోల్డర్ దించాను. అందులో 2008 నాటి నా ఆఫర్ లెటర్ ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. దాని కింద ఒక ప్రోనోటు.

కదిరిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. నెలకు 6,000. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. బోర్డు మీద లెక్క సగంలో ఉండగానే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం, గోల్ పడ్డప్పుడు మా అమ్మాయి మొహంలో ఇప్పుడు చూస్తుంటాను. నాయనకు గుండె ఆపరేషన్ అయింది. లక్షా ఎనభై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. బెంగళూరులో 24,000 ఇస్తామన్నారు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. శనివారం క్లాసు చెప్పి, ఎవరికీ చెప్పకుండా ఆదివారం బస్సెక్కాను. బాగేపల్లి దాటేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఆఫర్ లెటర్‌ను మా అమ్మాయి గడగడా చదివేసింది. ప్రోనోటు దగ్గర ఆగింది. తెలుగు చదవడం తనకు సరిగా రాదు. కన్నడ అక్షరాలను ఆసరా చేసుకుని, ఇదేంటి ఈ తలకట్టు అనుకుంటూ కూడబలుక్కుంటుంది. రెవెన్యూ స్టాంపు మీద నాయన సంతకం వంకరగా ఉంది. దాని పైన వరుస మీద వేలు పెట్టి, "అ... క్ష... రా... ల..." అంది. "అక్షరాల అంటే లెటర్సా అమ్మా?"

"అంకెలు ఎవరూ దిద్దకుండా మాటల్లో కూడా రాస్తారు. అక్షరాల లక్షా ఎనభై వేల రూపాయలు."

చాలాసేపు చూసింది. "నీ స్టూడెంట్స్ నిన్ను ట్రెయిటర్ అన్నారా?"

"అనే ఉంటారే. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అనేదాన్ని."

"సారీ చెప్పావా?"

లేదు. ఇన్నేళ్లలో చెప్పలేదు. ఆ మాటా దాచకుండా చెప్పాను.

ఫిబ్రవరిలో ఆ టోర్నమెంట్ జరిగింది. మావాళ్లు రెండో మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టారు. ఫైనల్‌కు వెళ్దామని మా అమ్మాయే అడిగింది. అమ్మ కూడా బొరుగుల ఉండలు డబ్బాలో పెట్టుకుని మాతో మెట్రో ఎక్కింది. గౌతంపుర పిల్ల కొత్త పసుపు జెర్సీలో బెంచీ మీద ఉంది. మొదటి సగమంతా బెంచీ మీదే. రెండో సగంలో ఒకసారి లేచి వార్మప్ చేసింది, మళ్లీ కూర్చోబెట్టారు. వాళ్ల జట్టు 2-0తో గెలిచింది. వరసలో నిలబడితే ఆమె మెడలో కూడా మెడల్ వేశారు. కొత్త బూట్లకు మట్టి అంటలేదు.

మా అమ్మాయి నా చేతిలో డబ్బా తీసుకుని గ్రౌండ్ అడ్డంగా నడిచి వెళ్లింది. ఇద్దరూ గోల్‌పోస్ట్ దగ్గర కూర్చున్నారు. కన్నడం, తమిళం, ఇంగ్లీషు కలిపిన వాళ్ల మాటలు గాలికి ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. అరగంట తర్వాత ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది.

"ఏమంది?" అంది అమ్మ.

"పొద్దున రెండు గుడ్లు ఇస్తారట అవ్వా. వాళ్ల తమ్ముడికి కూడా ఒకటి తీసుకెళ్లనిస్తారట."

మెట్రోలో కిటికీకి తల ఆనించి కాసేపు ఊరుకుంది. తర్వాత, "ఫీజు లేకుండా ఎన్నాళ్లని అడిగాను. ఏడాదికేనట" అంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ మడుస్తూ నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, కన్నడంలో.