చూడి పరీక్షకు నాలుగు గిన్నెలు: కొట్టం నోటుపుస్తకం నుంచి

నకిరేకల్ దగ్గరలోని మా ఊరిలో నాకు రెండు సంకరజాతి పాడి ఆవులు, ఇంకా సూది (కృత్రిమ గర్భధారణ) వేయించని ఒక పెయ్య ఉన్నాయి. ఎర్రావు జెర్సీ సంకరం, మచ్చలావు హెచ్‌.ఎఫ్‌. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం. సూది వేయించిన తరువాత మూడో నెలలో పశువైద్యుడు చెయ్యి పెట్టి చూసేదాకా చూడి నిలిచిందో లేదో తెలియక, నిరుడు మచ్చలావు విషయంలో మూడు ఎదలు పోగొట్టుకున్నాను. దాణా, గడ్డి కలిపి నాకు ఒక్క ఆవుకు రోజుకు 180 రూపాయలు అవుతున్నాయి కాబట్టి ఒక్క ఎద జారిపోతే 21 రోజులకు 3,780 రూపాయలు. ఆ లెక్క వేసిన రాత్రే ఈ నోటుపుస్తకం మొదలుపెట్టాను.

నేను ఎంచుకున్నది పుణ్యకోటి పరీక్ష. చూడి ఆవు పంచితంలో, అంటే మూత్రంలో, నానిన గింజలు సరిగా మొలవవు, చూడి లేని ఆవు పంచితంలో చాలావరకు మొలుస్తాయి. చూడి ఆవు పంచితంలో మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం ఎక్కువగా ఉండడమే ఇందుకు కారణమని చెబుతారు. ప్రాచీన ఈజిప్టులో స్త్రీల గర్భాన్ని గోధుమ, బార్లీ గింజలతో ఇలాగే పరీక్షించేవారు కానీ, అక్కడ గింజ మొలిస్తే గర్భం ఉన్నట్టు. ఆవుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది.

డిసెంబరులో చేసిన మొదటి ప్రయత్నం పూర్తిగా చెడిపోయింది. వానకాలం పంట కోసి రెండు వారాలైనా కాని వడ్లను వాడాను. అయిదో రోజున మూత తీస్తే ఉత్త నీళ్లు పోసిన గిన్నెలో కూడా మూడే మొలకలు కనిపించాయి. కొత్త వడ్లకు కొంతకాలం నిద్రావస్థ ఉంటుందని విత్తనాలు కట్టే రైతుకు చెప్పనక్కరలేదు. నాకే ఆ సమయానికి గుర్తు రాలేదు. నీళ్ల గిన్నె పెట్టకపోయి ఉంటే పెయ్యతో సహా అన్నీ చూడివేనని సంబరపడేవాణ్ణి.

రెండోసారి నిరుటి యాసంగి వడ్లు తీసుకున్నాను. ఆవు తెల్లవారుజామున లేవగానే పంచితం పోస్తుంది కనుక చెంబుతో ముందే నిలబడాలి, లేదంటే గంటసేపు కాపలా కాయాలి. ఒక భాగం పంచితానికి నాలుగు భాగాల నీరు కలిపి, వెడల్పు గిన్నెలో దూది పరిచి, 20 గింజలు పేర్చి, 15 మిల్లీలీటర్లు పోసి, మూత వేసి నీడలో ఉంచాను. గిన్నెలు నాలుగు: రెండు ఆవులవి, పెయ్యది, ఉత్త నీళ్లది. ఏ గిన్నె ఎవరిదో నాకు తెలియకుండా అడుగున గుర్తులు వేసింది మా తమ్ముడు. “అన్నా, ఎర్రావు గిన్నె అని తెలిస్తే నీకు మొలకలు తక్కువనే కనవడ్తయి” అన్నాడు. ఆ మాటలో నిజముంది.

ఎర్రావుకు జనవరి 6న, మచ్చలావుకు 5న సూది పడింది. పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు వరకు ఉదయం, రాత్రి కొట్టంలో కూర్చుని చూశాను. ఎదకు గుర్తులైన తీగలు (తోక కింద జారే జిగురు) వేయడం గానీ, అరవడం గానీ రెండింటిలోనూ కనిపించలేదు. ఫిబ్రవరి 3న పంచితం పట్టాను. అయిదో రోజు లెక్క ఇది: నీళ్లలో 18, పెయ్యది 13, మచ్చలావుది 11, ఎర్రావుది 4.

మచ్చలావు ఎద బయటపడకుండానే దాటిపోయిందని అప్పుడు అర్థమైంది. ఇలాంటి మూగ ఎద పాడి ఎక్కువగా ఇచ్చే ఆవుల్లో మామూలే. నలభై రెండో రోజుకు, అంటే ఫిబ్రవరి 16న వేకువజామున, తోక కింద అద్దంలాంటి తీగ వేలాడుతూ కనిపించింది. అయినా గోపాలమిత్ర (ఊళ్లలో పశువులకు సూది వేసే కార్యకర్త) చెయ్యి పెట్టి చూడి లేదని నిర్ధారించుకున్న తరువాతే సూది వేయమన్నాను. చూడి మీద ఉన్న కొన్ని ఆవులు కూడా ఎద లక్షణాలు చూపుతాయి, అప్పుడు సూది గొట్టం గర్భాశయంలోకి పోతే చూడి పోతుంది.

ఎర్రావును మార్చి 12న, అరవై అయిదో రోజున, పశువైద్యుడు చూశారు. గర్భాశయపు కుడి కొమ్ము లావెక్కిందని, లోపలి దూడ ఇంకా చిట్టెలుకంత ఉంటుందని చెప్పారు. 280 రోజుల లెక్కన అక్టోబరు 13 దగ్గర గోడ క్యాలెండరులో సున్నా చుట్టాను.

మచ్చలావుకు మార్చి 16న పట్టిన పంచితం మళ్లీ తికమక పెట్టింది. దాని గిన్నెలో 4, పెయ్య గిన్నెలో 5, నీళ్లలో 18. ఎండలు ముదిరి, తొట్టిలో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి, పంచితం చిక్కగా ఎర్రబడింది. ఆ చిక్కని ఉప్పదనానికి ఏ గింజయినా సరిగా మొలవదు. తొట్టి రోజంతా నిండుగా ఉంచి మార్చి 24న మళ్లీ పట్టాను: పెయ్యది 12, మచ్చలావుది 6.

నా అంచనాలో ఈ పరీక్ష “లేదు” అని చెప్పినప్పుడే నమ్మదగినది. పాలలో ప్రొజెస్టిరాన్ (చూడిని నిలిపే హార్మోను) చూసే పరీక్షకూ అదే స్వభావం: 21 నుంచి 24 రోజుల మధ్య తక్కువగా ఉంటే చూడి లేనట్టే, ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. స్కానింగులో అయితే ఇరవై ఎనిమిదో రోజు దాటాక పిండం గుండె కొట్టుకోవడం కనబడుతుంది, కానీ ఆ యంత్రం మా కొట్టం దాకా ఇంకా రాలేదు. అందుకే మచ్చలావు పేరు పక్కన “చూడి” అని రాయకుండా ప్రశ్నార్థకం పెట్టాను. ఏప్రిల్ 22కు దానికి అరవై అయిదు రోజులు నిండుతాయి. ఆ రోజు పశువైద్యుణ్ణి రమ్మని చెప్పి ఉంచాను.