రెండున్నర గంటల తేడా

ఖతార్‌లో సాయంత్రం ఆరైతే విశాఖపట్నంలో ఎనిమిదిన్నర. మా అమ్మాయి అన్నం తిని, హోంవర్కు ముగించి, మంచం మీద బోర్లా పడుకుని నా ఫోను కోసం ఎదురుచూసే వేళ అది. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాంపులో బస్సెక్కిన నేను తిరిగి గదికి చేరి, సేఫ్టీ బూట్లు విప్పి, చెమట ఆరి బిగుసుకుపోయిన కవరాల్‌ను కొక్కేనికి తగిలించే వేళ కూడా అదే. తొమ్మిదిన్నర దాటితే పాప నిద్రపోతుంది. రోజు మొత్తంలో మా ఇద్దరికీ కలిసొచ్చేది ఆ ఒక్క గంటే.

నేను పనిచేసేది రాస్ లఫాన్‌లో. దోహాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న గ్యాస్ పరిశ్రమల ఊరు అది. ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌ని. ప్రెషర్ గేజీలు, ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వులు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటం, తేడా వస్తే సరిచేయడం నా పని. ఉండేది అల్ ఖోర్ దగ్గరి క్యాంపులో. ఇల్లు చినవాల్తేరులో. అక్కడ మా అమ్మ, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప ఉంటారు. కుటుంబాన్ని తెచ్చుకునే వీసాకు సరిపడేంత జీతం నాకు లేదు. అందుకే ఎనిమిదేళ్లుగా నేను ఏడాదికి ఒక నెల మాత్రమే ఇంట్లో ఉండే తండ్రిని.

నాలుగేళ్ల కిందట ఏడాదికోసారి చేసే వైద్య పరీక్షలో పరగడుపున చక్కెర 118 వచ్చింది. 100 నుంచి 125 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ అని డాక్టరు చెప్పారు. టేపు తీసి నడుము కొలిస్తే 98 సెంటీమీటర్లు. మన దక్షిణాసియా మగవాళ్లకు 90 దాటకూడదట. ఆ అంకెలు విన్నప్పుడు నాకు మా నాన్నగారి కాలే గుర్తుకొచ్చింది. చక్కెర జబ్బుతో ఆయన కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ తరవాత బతికిన ఆరేళ్లూ ఆయన నన్ను ఎప్పుడూ బీచికి తీసుకువెళ్లలేదు. నాకప్పుడు పదమూడేళ్లు. ఇసుకలో నడవలేకే రావడం లేదని పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శరీరాన్ని కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పెద్ద పనేమీ కాదనిపించింది. సాయంత్రం క్యాంపు ప్రహరీ చుట్టూ చకచకా నడుస్తూ ఇంటికి వీడియో కాల్ చేయడం మొదలుపెట్టాను. నడకా అవుతుంది, మాటా అవుతుంది అనుకున్నాను. నాలుగో రోజున పాప అంది: "నాన్నా, నీ ముఖం ఊగిపోతోంది. నేను చెప్పేది నీకు వినపడటం లేదు. నువ్వు కూర్చో." ఆ రోజు స్కూల్లో తను గీసిన బొమ్మను కెమెరాకు చూపిస్తూ ఉంది. నేను ఎదురుగా వస్తున్న నీళ్ల ట్యాంకరును చూస్తున్నాను. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. మళ్లీ ఎన్నడూ నడుస్తూ ఫోను చేయలేదు.

అప్పటినుంచి ఆరు నుంచి ఏడు దాకా ఆ గంట పాపది. పాప నిద్రపోయాకే నా పరుగు. రాసినంత సులువు కాదిది. ఏడు దాటాక మెస్సు తలుపులు తెరుస్తారు, వంటల వాసన వరండా దాకా వస్తుంది. రాత్రి తొమ్మిదికల్లా పడుకోకపోతే మర్నాడు నాలుగింటికి లేవలేను. వేసవి వస్తే ఇంకా కష్టం. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకు ఎండలో పనిచేయించకూడదని 2021 నుంచి ఇక్కడ నిబంధన ఉంది. వేడినీ గాలిలో తేమనూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా బయటి పని ఆపేయాలి. పని చేయడానికే పనికిరాని గాలిలో పరుగేమిటి? ఆగస్టులో రాత్రి ఎనిమిదింటికి కూడా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఆ మూడున్నర నెలలు క్యాంపు జిమ్ములో ట్రెడ్‌మిల్ కోసం వరుసలో నిలబడతాను. వంతు రాని రోజున మెట్లు ఎక్కి దిగుతాను.

"మూడింటికే లేచి పరుగెత్తు, ఎవరి సమయమూ పోదు కదా" అని తోటివాళ్లు చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆరు గంటల నిద్రతో గ్యాస్ లైను మీద పర్మిట్ తీసుకుని పనిచేసేవాడు తనకూ పక్కవాడికీ ప్రమాదమే. నిద్రను కోసి వ్యాయామానికి అతికించడం ఆరోగ్యం కాదు.

మాకు సెలవు శుక్రవారం. ఆ రోజు పాప బడిలో ఉంటుంది. పాపకు సెలవైన ఆదివారం నేను ప్లాంటులో ఉంటాను. ఫోన్లు లోపలికి తీసుకువెళ్లనివ్వరు. మొదటి రెండేళ్లు ఆ పొంతన లేని వారాలను తలచుకుని కుమిలిపోయేవాణ్ణి. తరవాత ఒక సంగతి గ్రహించాను. శుక్రవారం ఉదయం నేను ఎంత దూరం పరుగెత్తినా అది ఎవరి వాటాలోంచీ పోదు. ఇక్కడ నాకు దొరికే ఖాళీ సమయానికి మనుషులు లేరు, ఇంటి దగ్గర మనుషులున్నారు గాని వాళ్లకిచ్చేందుకు నా దగ్గర సమయం లేదు. ఎక్కువ దూరం పరుగెత్తాలంటే శుక్రవారమే సరి. ఆరింటికి అల్ ఖోర్ సముద్రపు గట్టు మీద మొదలుపెడతాను. ఏడాదిన్నరలో 3 కిలోమీటర్ల నుంచి 18 దాకా వచ్చాను. చక్కెర 97కి దిగింది.

అంత కష్టపడి సాధించిన దానితో ఊరికి వెళ్లి నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ అప్పన్న పాదాల దగ్గరకు చేరాలి. చిన్నప్పటినుంచి నా కోరిక అది. నాన్నగారు చేయలేకపోయింది కూడా అదే. రెండేళ్ల కిందట సెలవును ఆ తిథికి సరిపోయేలా పెట్టుకుని వచ్చాను.

వచ్చిన మర్నాటినుంచే సాధన. తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు నడిచేవాళ్లకు స్వర్గమే. కుడిపక్కన చీకట్లోంచి అలల తెల్లటి అంచు మాత్రం కనబడుతుంది. నాలుగున్నరకు ఇల్లు వదిలి కాళీమాత గుడి ముందునుంచి, సబ్‌మెరీన్ మ్యూజియం దాటి, తెన్నేటి పార్కు దాకా వెళ్లి వచ్చేసరికి ఏడున్నర. పాప యూనిఫాం వేసుకుని ఆటో కోసం నిలబడి ఉండేది. మధ్యాహ్నం నేను అలసి నిద్రపోయేవాణ్ణి. సాయంత్రం తనకు ట్యూషను.

పద్నాలుగో రోజున వంటింట్లో గోడ క్యాలెండరు చూశాను. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు. పాలవాడి లెక్క అనుకుని అమ్మను అడిగాను. "నువ్వు దాన్ని బీచికి తీసుకెళ్లిన రోజులురా, గుర్తు పెట్టుకుంటోంది" అంది. లెక్కపెట్టాను. మూడు. నేను వెళ్లాల్సిన తేదీ చుట్టూ నల్ల పెన్నుతో ఒక చదరం గీసి ఉంది. సున్నాలకూ చదరానికీ మధ్య మిగిలిన ఖాళీ గళ్లను చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ప్రదక్షిణ పూర్తి చేశాను. సంతోషమే. ఆ రాత్రి మా ఆవిడ నా కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ నిదానంగా అంది: "మీరు ఇంత శ్రద్ధగా ఒంటిని చూసుకుంటుంటే నాకు ధైర్యంగా ఉంటుందండీ. కానీ పాప పుట్టాక నేను ఒక్కదాన్నే పది నిమిషాలు నడిచిన రోజు లేదు. వచ్చే ఏడు మీరున్న నెల రోజులూ పొద్దున్న ఆ గంట నాకివ్వండి." నాకు మాట రాలేదు. కుటుంబానికి సమయం ఇవ్వడమంటే పాపతో ఆడుకోవడమేనని అప్పటిదాకా నా లెక్క. మా ఇంట్లో ఏడాదికి పదకొండు నెలలు ఇద్దరి పని ఒక్కతే చేస్తున్న మనిషి ఒంటి సంగతి ఆ లెక్కలో లేదు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేను పంపే డబ్బుకు లెక్క రాసి పెడుతుంది గాని, తన మోకాలి నొప్పి గురించి ఫోనులో ఒక్కసారీ చెప్పలేదు.

నిరుడు సెలవును మే నెలకు మార్చుకున్నాను. పాపకు బడి ఉండదు. ఉక్కపోత భరించాలి, గిరి ప్రదక్షిణ వదులుకోవాలి. వదులుకున్నాను. ఐదింటికి మా ఆవిడ చెప్పులు వేసుకుని బయలుదేరేది. "బూట్లు కొందాం పద" అంటే "ముందు అలవాటు కానివ్వండి" అనేది. పాలు కాచడం, అమ్మకు మందులివ్వడం, ఉప్మా కలపడం నా వంతు. వాటికంటే పాపకు జడ వేయడమే కష్టమైంది. తలకు నూనె పెట్టి, నడి పాపిడి తీసి, మూడు పాయలు సమంగా పట్టుకోవాలి. వేళ్లు వదులైతే మధ్యలో జారిపోతుంది, బిగిస్తే "నాన్నా, లాగుతోంది" అంటుంది. మిల్లీమీటరు తేడా పట్టుకునే చేతులు ఆ మెత్తని జుట్టు దగ్గర వణికాయి. వారం పట్టింది కుదరడానికి. జడ చివర రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేయగానే పాప తల అటూ ఇటూ ఊపి చూసి, "ఇవాళ ఊడదు" అంది.

నా వ్యాయామం పాప వెంటే సాగింది. సాయంత్రం ఎండ వాలాక ఇసుకలో చెప్పుల్లేకుండా పరుగు పందెం. మెత్తని ఇసుకలో పాదం దిగిపోతుంటే పిక్కలకు రోడ్డు మీదకంటే ఎక్కువ పని పడుతుంది. రెండు ఆదివారాలు కైలాసగిరి మెట్లు ఎక్కాం. పిల్లలకు రోజుకు సగటున గంట సేపు ఒళ్లు అలిసే ఆట కావాలంటారు. ఆ గంట తనకూ దక్కింది. నా పరుగు వేగం ఆ నెలలో బాగా తగ్గింది. 18 కిలోమీటర్లు పరుగెత్తినవాణ్ణి ఖతార్ తిరిగి వచ్చాక 10 దగ్గర ఆగిపోయాను. దానికి బాధపడలేదు. రెండు నెలల శుక్రవారాలు చాలు మళ్లీ అందుకోవడానికి. పాప తొమ్మిదో ఏడు అలా తిరిగి దొరకదు.

నెల చివరికి మా ఆవిడ బీచ్ రోడ్డు మీద 6 కిలోమీటర్లు ఆగకుండా నడుస్తోంది. నేను వెళ్లాక ఆ గంట పోతుందేమోనని భయపడ్డాను. పోలేదు. పక్కవీధిలో ఉండే వాళ్లక్క వారానికి నాలుగు రోజులు పొద్దున్నే వచ్చి ఇంట్లో కూర్చుంటానంది. అడగడానికి మా ఆవిడ మొహమాటపడితే నేనే ఫోను చేసి అడిగాను.

ఆషాఢంలో చతుర్దశి నాడు అక్కచెల్లెళ్లిద్దరూ గిరి ప్రదక్షిణకు బయలుదేరారు. నేను క్యాంపులో ఉన్నాను. పాప నానమ్మ దగ్గర. ఆ సాయంత్రం ట్రెడ్‌మిల్ వైపు వెళ్లలేదు. "అమ్మ ఇప్పుడు ఎక్కడుంటుంది?" అని పాప పదే పదే అడుగుతుంటే ఒక్కో చోటూ చెబుతూ వచ్చాను. హనుమంతవాక దాటి ఉంటుంది. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకుని ఉంటుంది. సీతమ్మధార చేరేసరికి నీకు నిద్ర వచ్చేస్తుంది. నిజంగానే వచ్చేసింది. ఫోను దిండు పక్కన అలాగే ఉండిపోయింది. తిరుగుతున్న ఫ్యాను, దాని చప్పుడు, మధ్యలో పాప ఊపిరి. పది నిమిషాలు విని ఆపేశాను.

మర్నాడు ఐదింటికి బస్సులో ఉండగా ఫోను మోగింది. అక్కడ ఏడున్నర. మా ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "32 అయిపోయిందండీ" అంది. అంతకంటే ఏమీ చెప్పలేక నవ్వింది. వెనక నుంచి అమ్మ, వేడినీళ్లు చల్లారిపోతున్నాయి రమ్మని పిలుస్తోంది.

నాలుగు రోజుల తరవాత పాప ఒక ఫోటో పంపింది. రూళ్ల నోటుబుక్కు పేజీ మీద పెన్సిలుతో గీసిన పాదం. మడమ దగ్గర గీత కొంచెం వంకర పోయింది, బొటనవేలి చుట్టూ రెండుసార్లు దిద్దింది. పక్కన స్కేలుతో కొలిచి 24 సెంటీమీటర్లు అని రాసింది. కింద ఇంకో వరుస: "నాన్నా, వాపు తగ్గాకే గీశాను. అమ్మ బూట్లకు."