పెద్దవాళ్లను చూసుకోవడం ఎవరి వంతు? జర్మనీ నుంచి ఒక నర్సు మాట

జర్మనీలో వృద్ధుల నర్సింగ్ హోంలో పనిచేస్తున్నానని చెప్పగానే మనవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు: "అక్కడ కన్నవాళ్లను హోంలో పడేసి చేతులు దులుపుకుంటారట కదా!" ఇక్కడి నా తోటి నర్సులేమో ఇండియాలో ముసలితనానికి భయపడాల్సిన పనే లేదనుకుంటారు. ఇంటినిండా పిల్లలు, మనవలు ఉంటారు కాబట్టి ఎవరో ఒకరు చూసుకుంటారని వాళ్ల నమ్మకం. మంచం పట్టిన మనిషి దగ్గర ఒక్క రాత్రి మేలుకుని ఉన్నవాళ్లెవరూ ఇంత సులువుగా తేల్చేయరు.

ముందు జర్మనీ సంగతి. 2023 చివరి లెక్కల ప్రకారం ఇక్కడ రోజువారీ సంరక్షణ అవసరమైనవాళ్లు సుమారు 57 లక్షల మంది. వాళ్లలో 86 శాతం మంది ఉంటున్నది ఇళ్లలోనే. 30 లక్షల మందికి పైగా ప్రధానంగా కుటుంబసభ్యుల చేతుల మీదే ఉన్నారు. మా హోంకి వచ్చేవాళ్లలో ఎక్కువమందిని అంతకుముందు ఏళ్ల తరబడి భార్యో, భర్తో, కూతురో చూసుకున్నారు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ముదిరి అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతుంటే, పడిపోయిన మనిషిని లేపడానికి ఇంట్లో రెండో మనిషి లేకపోతే, అప్పుడు ఇక్కడికి తెస్తారు. చూసుకునే భర్తకే 85 దాటిన ఇళ్లున్నాయి. చేర్చిన రోజు కారిడార్‌లో నిలబడి ఏడ్చే కూతుళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టడం కూడా మా పనిలో భాగమే.

ఇక ఆ పని ఎలాంటిదో చెప్తాను. కదల్లేని మనిషిని వేళకు పక్కకు తిప్పాలి. పూర్తిగా పక్కకు దొర్లిస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. అందుకని వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వరకే వంచుతాం. కాళ్ల కింద పెట్టే దిండు పిక్కల దగ్గరే ఆగాలి, మడమ పరుపుకు తగలకూడదు. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలి చూస్తాం. నొక్కిన చోట తెల్లబడకుండా ఎర్రగానే ఉందంటే పడకపుండు మొదలైనట్టే. మింగడం కష్టమైనవాళ్లకు మామూలు మంచినీళ్లు కూడా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇవన్నీ నేర్చుకోవడానికి ఇక్కడ మూడేళ్ల శిక్షణ ఉంది. నర్సింగ్ చదివే వచ్చినా, నా చదువుకు ఇక్కడ గుర్తింపు వచ్చేదాకా నన్ను హెల్పర్‌గానే ఉంచారు. మన ఇళ్లల్లో మాత్రం కోడలికి ఈ పని దానంతటదే వచ్చేస్తుందని అనుకుంటాం.

మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి చూసుకుంటున్నది మా వదిన. దిండు ఎక్కడ పెట్టాలో, నడుము పట్టేయకుండా అమ్మను ఎలా లేపి కూర్చోబెట్టాలో నేను వీడియో కాల్‌లో చెప్తుంటాను, ఆవిడ ఫోన్ కిటికీకి ఆనించి చేస్తుంటుంది. అదే పనికి నాకు ఇక్కడ నెల జీతం, వారానికి సెలవు, రేపటి పెన్షన్ ఉన్నాయి. వదినకు అవేవీ లేవు. పైగా చుట్టాలంతా "కొడుకు బాగా చూసుకుంటున్నాడు" అంటారు. అన్నయ్య మంచివాడు, మందులకూ డాక్టర్లకూ వెనకాడడు. కానీ అమ్మ డైపర్ మార్చేది, రాత్రి రెండింటికి లేచేది వదినే.

మన దగ్గర చట్టం ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లి నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా మనోవర్తి అడగొచ్చు. వదిలేసి పోతే మూడు నెలల జైలు గానీ 5,000 జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. చూసుకుంటాననే షరతు మీద ఆస్తి రాయించుకుని మొహం చాటేస్తే ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. ఎంతోమందికి అక్కరకొచ్చే చట్టం, ఉండాల్సిందే. అయితే 2007 చట్టం పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాసింది. అందులో కోడలు లేదు. చట్టం ఏ బాధ్యతా పెట్టని మనిషి మీదే ఇంటి బరువంతా పడుతోంది. ఇక ప్రభుత్వం ఇచ్చేది చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 అయింది. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు వస్తుంది. రెండూ మంచివే. కానీ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున మొదలయ్యే పనికి, ఏళ్ల తరబడి సాగే పనికి ఏ పద్దూ లేదు.

జర్మనీ ఆ పనినే లెక్కలోకి తీసుకుంది. 1995లో సంరక్షణ బీమా మొదలుపెట్టారు. నా జీతం స్లిప్‌లో దానికి విడిగా ఒక లైన్ ఉంటుంది. 2025 నాటికి జీతంలో 3.6 శాతం, మామూలుగా ఉద్యోగీ యజమానీ చెరి సగం. 23 ఏళ్లు దాటినా పిల్లలు లేనివాళ్లు తమ జేబులోంచి ఇంకో 0.6 శాతం కట్టాలి. ఇద్దరూ అంతకన్నా ఎక్కువమంది పిల్లలు ఉన్నవాళ్లకు, ఆ పిల్లలకు 25 నిండేదాకా, 2023 నుంచి కొంత తగ్గింపు ఇస్తున్నారు. పిల్లల్ని పెంచడం కూడా ఈ నిధికి చందా కట్టడం లాంటిదేనని ఇక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాక వచ్చిన ఏర్పాటు ఇది. మొదట విన్నప్పుడు నాకు అన్యాయమనిపించింది, ఇప్పుడు సబబే అనిపిస్తోంది.

సాయం కావాల్సిన మనిషిని అధికారికంగా వచ్చి చూసి ఒకటి నుంచి ఐదు దాకా స్థాయి వేస్తారు. మా దగ్గరున్న ఒక పెద్దావిడ సంగతి ఆవిడ కూతురు చెప్పింది. పరీక్షకు మనిషి వస్తున్నారని తెలిసి ఆవిడ పొద్దున్నే తనంతట తనే బట్టలు వేసుకుని కూర్చుని, "నాకెవరి సాయమూ అక్కర్లేదు" అందట. చొక్కా గుండీలన్నీ ఒక కాజా కిందికి జారి ఉన్నాయి. వచ్చినావిడ ఆ గుండీలు చూసి, ఏమీ అనకుండా రాసుకుందట. ఆత్మాభిమానం ఉన్న పెద్దవాళ్లు ఎక్కడైనా ఇంతే, అందుకే అడగకముందే వచ్చి చూసే ఏర్పాటు కావాలి.

ఇంట్లోనే చూసుకుంటే రెండో స్థాయికి నెలకు 347 యూరోలు, ఐదో స్థాయికి 990 యూరోలు చేతికి వస్తాయి. వారానికి పది గంటలు, అంతకు మించి చూసుకునేవాళ్లకు, మిగతా షరతులు కుదిరితే, బీమా సంస్థే వాళ్ల పేరున పెన్షన్ చందా కడుతుంది. వాళ్లకు ఒంట్లో బాగోలేకపోయినా, విశ్రాంతి కావాలన్నా బదులు మనిషిని పెట్టుకోవడానికి ఏడాదికి 3,539 యూరోల దాకా ఉంది. మా వదినకు ఇవన్నీ చెప్తే చివరిదాని దగ్గరే ఆగి మళ్లీ అడిగింది.

లోట్లు లేవని కాదు. హోంలో ఉంటే బీమా పోను మనిషి తన జేబులోంచి సగటున నెలకు 3,000 యూరోలకు అటూ ఇటుగా కట్టాలి, దాచుకున్నదంతా కరిగిపోతుంది. ఆ తర్వాత ప్రభుత్వ సాయం. పిల్లల ఏడాది ఆదాయం లక్ష యూరోలు దాటితేనే ఆ ఖర్చులో వంతు వాళ్లను అడగాలని 2020 నుంచి నియమం. దీనివల్ల పిల్లలకు ప్రేమ తగ్గడం నేను చూడలేదు. రోజూ సాయంత్రం వచ్చి తల్లికి తల దువ్వి, గోళ్లకు రంగు వేసి వెళ్లే కూతురు ఉంది. పుండ్ల గురించీ బిల్లుల గురించీ టెన్షన్ లేదు కాబట్టి ఆ గంట సేపూ ఇద్దరూ నవ్వుకుంటూ ఉంటారు.

చేతులు చాలకే మనలాంటివాళ్లను పిలుస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. ఇంతమంది శిక్షణ పొందిన పిల్లలు బయటికి వస్తుంటే, మన పెద్దవాళ్ల కోసం మన దగ్గరే ఒక నిధి పెట్టాలని ఎవరూ గట్టిగా అడగరెందుకు? జీతం తీసుకునే ప్రతివాళ్లూ కొంత కట్టే సంరక్షణ బీమా మన రాష్ట్రాల్లో మొదలవ్వాలి. ప్రవాసులం మేమూ కడతాం, కట్టాలి. నెలనెలా ఇంటికి పంపే డబ్బుతో మా వంతు అయిపోయిందని అనుకోవడం నాకు నచ్చదు.

అది వచ్చేదాకా మా ఇంటి మట్టుకు మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. అన్నయ్య, నేను, చెల్లి కలిసి ప్రతి నెలా వదిన సొంత ఖాతాలో డబ్బు వేస్తున్నాం, అది ఇంటి ఖర్చుకు తీయకూడదని మాట అనుకున్నాం. పగటిపూట ఒక కేర్‌టేకర్ వస్తోంది. నేను సెలవుకు వెళ్లినన్నాళ్లూ అమ్మ నా బాధ్యత, వదిన పుట్టింటికి వెళ్తుంది. ఆదివారం రాత్రిళ్లు అమ్మ దగ్గర పడుకుంటానని అన్నయ్య ఒప్పుకున్నాడు. డైపర్ మార్చడం ఈమధ్యే నేర్పించాను, వీడియో కాల్‌లోనే. మిగతా రాత్రులకు మనిషి ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం.