పాత సీసాల్లో లెట్యూస్: బడిపిల్లలతో మట్టి లేని సాగు

బడిలో హైడ్రోపోనిక్స్ మొదలుపెడదామనుకోగానే అందరి దృష్టీ ముందు పంపు, పైపులు, టైమరు మీదికి పోతుంది. మొదటి పంటకు అవేవీ వద్దని నా గట్టి సలహా. శనివారం కరెంటు పోతే సోమవారం పిల్లలు వచ్చేసరికి సన్నటి పైపుల్లో వేళ్లు ఎండిపోయి ఉంటాయి. పంపు నడుస్తున్నంతసేపూ పిల్లలకు నీళ్లు తిరగడమే కనబడుతుంది, మొక్క చేసే పని కనబడదు.

పారేసే రెండు లీటర్ల సీసాలో, నిలవ నీళ్లలోనే లెట్యూస్ (సలాడ్లలో వేసే ఆకుకూర) చక్కగా ఎదుగుతుంది. హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, పైన తేమగాలి నిండిన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఉన్న వేళ్లు ఆక్సిజన్ తీసుకుంటాయి, కింద మునిగినవి నీళ్లూ లవణాలూ తీసుకుంటాయి. పిల్లలకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఈ గాలి సంగతే. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం.

సీసాలు ఏరేటప్పుడు అడుగున ఉన్న త్రికోణంలో ప్లాస్టిక్ రకం తెలిపే అంకె చూడమనండి. 1, 2, 5 ఉన్నవి తీసుకోండి. 3, 6 ఉన్నవి వద్దు. పురుగుమందు, ఫినాయిల్, రంగులు పోసినవి ఎంత కడిగినా పనికిరావు. తాగునీటి సీసాలను సబ్బుతో కడిగితే చాలు. మరిగే నీళ్లు పోస్తే 1 అంకె ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది.

సీసాను మూతి నుంచి సుమారు 11 సెంటీమీటర్ల కింద, భుజం దాటగానే కోయాలి. మొదటి గాటు పెద్దవాళ్లే పెట్టాలి, తర్వాత పిల్లలు కత్తెరతో చుట్టూ కోస్తారు. అంచుకు టేపు చుట్టాలి. పైముక్కను తలకిందులు చేసి కింది ముక్కలో కూర్చోబెడితే గరాటులా నిలుస్తుంది. మూత తీసేసి, మూతికి పాత నైలాన్ వల ముక్కను దారంతో కట్టండి. మూతకే చిన్న రంధ్రం చేసి వాడొచ్చని చాలాచోట్ల చెబుతారు. రెండు వారాలు గడిచాక వేళ్లు ఆ రంధ్రంలో ఇరుక్కుని పూడుకుపోతాయి కాబట్టి నాకు వలే నచ్చుతుంది.

వల గుండా రెండు ఒత్తులు దింపాలి. పాత టీషర్టు నుంచి వేలు వెడల్పున కత్తిరించిన పట్టీలు సరిపోతాయి. పాలిస్టర్ కలిసిన బట్ట అయితే మేలు, వట్టి నూలుబట్ట కొన్ని వారాల్లో కుళ్లుతుంది. కొన్ని సింథటిక్ బట్టలు నీళ్లు పీల్చవు. అందుకే ముందుగా ఒక కొస రంగునీళ్లలో పెట్టి, రంగు పైకెక్కుతోందో లేదో పిల్లలే చూసి బట్ట ఎంచుకోవాలి. గరాటులో కొబ్బరిపొట్టు నింపాలి. ఒత్తి పైకొస ఆ పొట్టు ఉపరితలానికి రెండు సెంటీమీటర్ల దిగువ దాకా రావాలి, కింది కొస నీళ్లలో ఉండాలి. కొబ్బరిపొట్టును వాడేముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి, దానిలో ఉప్పు ఉండొచ్చు.

గింజలు రెండేసి, పొట్టు మీద అద్దినట్టు వేయాలి. లెట్యూస్ గింజ మొలవడానికి వెలుతురు తోడ్పడుతుంది, లోతుగా పూడిస్తే రాదు. గది వేడి 30 డిగ్రీలకు చేరితే గింజలు నిద్రపోతాయి. అలాంటప్పుడు మొలిచేదాకా చల్లటి చోట ఉంచండి. మొదట్లో సీసాలో వట్టి నీళ్లే, గరాటు మూతి ఒక సెంటీమీటరు మునిగేలా. మొదట విచ్చుకునే జత గింజాకుల తర్వాత రెండు అసలు ఆకులు వచ్చాక బలహీనమైన మొలకను కత్తిరించి తీసేసి, ఆ నీళ్లు పారబోసి పోషక ద్రావణం పోయాలి. సీసాకు ఒక లీటరు అటూఇటూగా పడుతుంది.

ద్రావణం తయారీలో తొందర పనికిరాదు. 20 లీటర్ల నీళ్లకు నత్రజని 4, ఫాస్ఫరస్ 18, పొటాష్ 38 నిష్పత్తిలో ఉండి సూక్ష్మపోషకాలు కలిసిన హైడ్రోపోనిక్ ఎరువు 12 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 6 గ్రాములు, కాల్షియం నైట్రేట్ 12 గ్రాములు. ఇదే వరుసలో, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేయాలి. స్పూన్లతో కొలవొద్దు, ఒకే స్పూనులో ఒక్కో పొడి ఒక్కో బరువు తూగుతుంది. 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. పొడులు తూచే పని టీచరుదే.

ఈ వరుస ఎందుకో మాటల్లో చెప్పడం కన్నా చూపించడం నయం. రెండు గ్లాసుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు తీసుకుని, ఒకదానిలో స్పూను కాల్షియం నైట్రేట్, ఇంకోదానిలో స్పూను మెగ్నీషియం సల్ఫేట్ కరిగించి రెండూ కలపండి. తెల్లటి మబ్బు లేచి అడుక్కి దిగుతుంది. అది జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. చిక్కగా కలిస్తే కాల్షియం అలా గడ్డకట్టి మొక్కకు అందకుండా పోతుంది, పలచటి నీళ్లలో కలిస్తే కరిగే ఉంటుంది.

నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ సమానంగా ఉండే మామూలు 19:19:19 ఎరువుతో సరిపెట్టొచ్చా అని అడుగుతారు. కుదరదు. దానిలో కాల్షియం ఉండదు, నత్రజనిలో పెద్ద భాగం యూరియాగా ఉంటుంది. యూరియాను మొక్క వాడుకునే రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా ఈ సీసాలో ఉండవు.

ద్రావణం పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. కాగితపు పట్టీలతో పిల్లలు చూడగలరు. ఆమ్లం కలిపి తగ్గించాల్సి వస్తే మాత్రం టీచరే, చుక్కచుక్కగా. పీహెచ్ 7 దాటితే ఇనుము అందదు. అప్పుడు కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. పసుపు ముసలాకుల్లో మొదలైతే అనుమానం నత్రజని మీద. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే పిల్లలు ఆకు చూసి సగం జబ్బులు చెప్పేస్తారు.

సీసా చుట్టూ లోపల నల్లకాగితం, బయట తెల్లకాగితంతో తొడుగు చేయండి. అతికించేయకండి, తీసి పెట్టుకునేలా ఉంచండి. వేళ్లు చూడటానికి రోజూ ఒక నిమిషం తొడుగు తీయొచ్చు. బయటి తెలుపు వేడిని తిప్పికొడుతుంది. నీళ్లు 28 డిగ్రీలు దాటితే వాటిలో ఆక్సిజన్ తగ్గి, వేళ్లు గోధుమరంగుకు మారి జిగటగా కుళ్లడం మొదలవుతుంది, వాసనతోనే తెలిసిపోతుంది. ఎండకు కాలే సిమెంటు నేల మీద పెట్టకుండా బల్ల మీద పెట్టండి. గరాటుకూ సీసాకూ మధ్య సందుంటే టేపు వేయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ముప్ఫైమంది పిల్లలుంటే ముగ్గురేసి పది జట్లు, పది సీసాలు. వీటికి తోడు మరో మూడు సీసాలు కావాలనే చెడగొట్టడానికి పెట్టమంటాను. నా దృష్టిలో మొత్తం పాఠంలో విలువైనవి ఈ మూడే. మొదటిదానికి తొడుగు ఉండదు. కొద్ది రోజుల్లోనే గోడలకు పచ్చటి పాచి పడుతుంది, మొక్కకు పోసిన లవణాలు అది కూడా తింటుంది. రెండోదానిలో చివరిదాకా వట్టి నీళ్లే. మొక్క బతుకుతుంది కానీ గిడసబారి, కింది ఆకులు పాలిపోతాయి. మూడోది అన్నిటిలా బాగా పెరగనిచ్చి, నాలుగో వారంలో గాలి వేళ్లన్నీ మునిగేలా ద్రావణం నింపేయాలి. నీళ్లు నిండుగా ఉండగానే ఆకులు వడలడం చూశాక, గాలి గురించి పిల్లలకు మళ్లీ చెప్పక్కర్లేదు. మూడింట్లో ఏమవుతుందో ముందే ఊహించి రాయించండి.

మామూలు సీసాల్లో కూడా అందరూ చేసే పొరపాటు ఈ మూడోదే. నీళ్లు తగ్గాయని కంగారుపడి ఎవరో ఒకరు నిండా పోసేస్తారు. మూడు సెంటీమీటర్లు మిగిలినప్పుడు మొదటి మట్టంలో సగం వరకే నింపాలని, ఆ గీత మార్కరుతో ముందే గీసి పెట్టండి. లెట్యూస్ పూర్తిగా ఎదిగేలోపు నాలుగు లీటర్ల దాకా తాగగలదు, కాబట్టి పలుమార్లు పోయక తప్పదు. మిగిలిన ద్రావణాన్ని మూత బిగించి చీకట్లో దాచండి.

సీసా మొదట కట్టినప్పుడే వంద మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ గీతలు పెట్టిస్తే, ఎంత తాగిందో ఎప్పుడైనా చదవొచ్చు. వారానికి రెండుసార్లు మట్టం, ఆకుల సంఖ్య రాస్తే చాలు. రోజూ రాయమంటే పిల్లలు విసుగుతో అంకెలు కల్పిస్తారు. ఆకులు విచ్చుకునేకొద్దీ గ్రాఫు గీత ఏటవాలు ఎలా మారుతుందో వాళ్లే కనిపెడతారు.

కిటికీ పక్కన కనీసం ఐదారు గంటల ఎండ పడాలి. కాడలు సన్నగా సాగి ఒరిగిపోతే అది ఎరువు లోపం కాదు, వెలుతురు లోపం. రోజూ సీసాను సగం తిప్పండి.

గింజ నుంచి కోతకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మధ్యలో పెద్ద సెలవులు రాకుండా మొదలుపెట్టండి. అంత వ్యవధి లేకపోతే పుదీనా కొమ్మలు పెట్టండి, అవి నీళ్లలో త్వరగా వేళ్లేస్తాయి. టమాటా, క్యారెట్ లాంటివి ఈ సీసాకు సరిపోవు.

కోసేటప్పుడు ముందు బయటి ఆకులు తీసి, బాగా కడిగి తినొచ్చు. చెడగొట్టిన మూడు సీసాల ఆకులు తినొద్దు. మిగిలిన ద్రావణం కాలువలో పోయకుండా రెండింతల నీళ్లు కలిపి నేలమీది మొక్కలకు పోయండి. ఒత్తులు, వల మార్చి, సీసాలు కడిగి ఆరబెడితే అవే రెండో పంటకు వస్తాయి. ఈసారి ద్రావణం కొలతలు, తూకాలు, ఆమ్లం కలపడం తప్ప మిగతా పనంతా పిల్లలకే వదిలేయొచ్చు.