నీలం మూత ట్యూబు

ఈ రోజు సెలవు పెట్టి చిన్నదాన్ని హెమటాలజిస్టు, అంటే రక్తం జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దమనిషై ఏడాది దాటింది. నెలనెలా ఎనిమిది తొమ్మిది రోజులు, మొదటి రెండు రోజులైతే గంటకో ప్యాడు. "మన ఇంట్లో ఆడవాళ్లకి అంతేలే" అని అమ్మ తేల్చేసింది. నేనూ ఐరన్ మాత్రలు మింగించి ఊరుకున్నాను.

డాక్టరమ్మ సూది కంటే ముందు కాగితం తీసింది. ముక్కులోంచి రక్తం కారితే పది నిమిషాలు దాటుతుందా? పన్ను పీకించుకుంటే ఎంతసేపటికి ఆగింది? కాన్పుల్లో రక్తం ఎక్కించారా? పిల్ల గురించే కాదు, నా గురించి, అమ్మ గురించి కూడా అడిగింది. జ్ఞానదంతం తీయించుకున్న రాత్రి నా దిండంతా తడిసిన సంగతి ఇన్నేళ్లకి ఒకరికి చెప్పాను. ఆవిడ మా వంశవృక్షంలా ఆడవాళ్లకి గుండ్రాలు, మగవాళ్లకి చదరాలు గీసి, మా ముగ్గురి గుండ్రాల పక్కనా ప్రశ్నార్థకం పెట్టింది.

పాత రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టైము చూసే పీటీ, ఏపీటీటీ అన్నీ నార్మలే. డాక్టరమ్మ అనుమానం ఫాన్ విల్లిబ్రాండ్ జబ్బు మీద, రక్తం తొందరగా ఆగని, వంశంలో వచ్చే జబ్బు. అందులో అవి బాగానే కనిపించవచ్చట. ప్లేట్‌లెట్లని గాయం దగ్గర అతికించే ప్రోటీన్ ఎంత ఉందో, ఉన్నది పనిచేస్తోందో లేదో విడిగా చూడాలి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ఇంకో ప్రోటీన్ కూడా.

ల్యాబులో నీలం మూత ట్యూబు. అడుగున రక్తం గడ్డకట్టకుండా కాస్త సిట్రేటు ఉంటుంది, దానికి తొమ్మిదింతలు రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే లెక్క తప్పుతుందని, సగంలో ఆగిన మొదటి ట్యూబు పారేసి ల్యాబబ్బాయి రెండో చేతికి గుచ్చాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు, టెన్షన్ కూడా ఆ ప్రోటీన్‌ని కాసేపు పెంచేస్తాయట! అందుకే ఒకసారి నార్మల్ వచ్చినా నమ్మకుండా మళ్లీ చేస్తారు. అంటే మళ్లీ సూది, మళ్లీ ఏడుపు.

ఆటోలో ఫోన్లో చదివాను. 1926లో ఫాన్ విల్లిబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు ఈ జబ్బు గురించి మొదట రాసింది ఆ దేశానికే చెందిన ఓలాండ్ దీవుల్లోని ఒక కుటుంబాన్ని చూసి. ఆ ఇంటి పిల్ల తర్వాత నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయిందట. ఫోన్ బ్యాగులో పడేశాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

"మా పెద్దమ్మకీ అంతే. పన్ను ఊడితే గుడ్డ కుక్కి రెండు రోజులు నోరు తెరవనిచ్చేవాళ్లు కాదు" అంది.

"నువ్వూ పరీక్షకి రక్తం ఇవ్వాలటమ్మా."

"నాకెందుకే? నాకు ఆగిపోయి పాతికేళ్లయింది!"