‘చూచెలో’ సినిమాకి తెలుగు సబ్‌టైటిళ్ళు: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చానంటే

మొత్తానికి మొదటి భాగం అయిపోయింది, 612 లైన్లు. రోజూ రాత్రి ఓ గంట కూర్చుంటే రెండు నెలలు పట్టింది.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తా. రోలాన్ బీకొవ్ తీసిన రష్యన్ సినిమా, మోస్‌ఫిల్మ్ అనే సోవియెట్ స్టూడియోది, 1984లో వచ్చింది, రెండు భాగాలు కలిపి రెండు గంటల పైనే. కథ వ్లదీమిర్ జెలెజ్నికొవ్‌ది. ఆరో క్లాసు చదివే లేనా అనే పిల్ల చిన్న ఊళ్ళో ఉన్న తాతయ్య దగ్గరికి వస్తుంది, క్లాసంతా కలిసి బడి ఎగ్గొట్టి సినిమాకి పోతే ఆ సంగతి టీచర్‌కి చెప్పేసింది దీమా అనే అబ్బాయి, దాంతో అందరి మాస్కో ట్రిప్పు పోతుంది, వాడు నోరు విప్పడు, వాడి మీద ఇష్టంతో లేనా నేనే చెప్పానని తన మీద వేసుకుంటుంది. ఇక అక్కణ్ణించి పిల్లలంతా ఆమెని వెంటాడడమే. లేనాగా వేసింది క్రిస్తీనా ఓర్బకాయ్‌తే, పాటల రాణి అల్లా పుగచోవా కూతురు, షూటింగ్ నాటికి పదకొండు పన్నెండేళ్ళు. తాతయ్య యూరీ నికూలిన్, సర్కస్‌లో పేరుమోసిన క్లౌన్, ఇందులో మాత్రం ఆయన్ని చూస్తే గొంతు పట్టేస్తుంది.

నేను ఎక్కువ కొట్టుకున్నది టైటిల్ మాట దగ్గరే. ‘చూచెలో’ అంటే చేలో నిలబెట్టే బొమ్మ, గడ్డి కూరిన బొమ్మ, పైగా వికారంగా ఉన్నావని మనిషిని తిట్టే మాట కూడా. మొదట ‘గడ్డిబొమ్మ’ అని పెట్టా, అందులో తిట్టు లేదు. తర్వాత తట్టింది, దిష్టిబొమ్మ! మనం చేలోనూ పెడతాం, మనిషినీ అంటాం, అన్నిటికంటే ముఖ్యం, తగలబెడతాం కూడా. సినిమాలో పిల్లలు లేనా గౌనే ఓ బొమ్మకి తొడిగి మంట పెడతారు. పేపర్లో ‘దిష్టిబొమ్మ దహనం’ అని రోజూ చదివే మనకి ఆ సీన్ వేరే చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో ‘స్కేర్‌క్రో’ అంటే ఆ మంట రాదు.

మిగతావి అంత బాగా కుదర్లేదు. తాతయ్యని ఊళ్ళోవాళ్ళు ‘జప్లాతొచ్నిక్’ అంటారు, డబ్బులన్నీ బొమ్మల పటాలకే పెట్టి తను అతుకుల కోటు వేసుకు తిరుగుతాడు కాబట్టి. ‘మాసికల తాత’ అని రాశా, మా అమ్మకి చదివి వినిపిస్తే ఠక్కున అర్థమైందంది. పిల్లలు లేనా మీద ప్రకటించే ‘బాయ్‌కోట్’కి ‘కచ్చి’ అంటే మరీ ముద్దుగా ఉంది, ‘వెలి’ అంటే మనకి ఇంకో చరిత్ర మొత్తం వచ్చేస్తుంది, అందుకని ‘బాయ్‌కాట్’ అనే ఉంచేశా. టీచర్‌ని పిల్లలు ‘మార్గరీతా ఇవానొవ్నా’ అని తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు, అది మర్యాద, విశాలాంధ్ర షాపులో కొన్న పాత సోవియెట్ పుస్తకాల్లో మన అనువాదకులు అలాగే ఉంచేవారు, నేనూ ఉంచి చివర ‘టీచర్’ కలిపా.

ఇక పని సంగతులు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. టైమింగ్ కోసం పాత రష్యన్ ఎస్‌ఆర్‌టీ ఫైల్ (మాటలూ, అవి ఎప్పుడు రావాలో టైములూ ఉండే సబ్‌టైటిల్ ఫైల్) ఒకటి తీసుకున్నా, అది సెకనుకి 25 ఫ్రేముల వీడియోకి చేసింది, నా వీడియో 24, దాంతో నిమిషానికి దాదాపు రెండున్నర సెకన్లు ముందుకి పోతోంది. ముందు తెలియక ఒక్కో లైనూ చేత్తో జరుపుతూ నాలుగు రాత్రులు పోగొట్టా, ఫ్రేమ్ రేట్ మార్చే ఆప్షన్‌లో 25 నుంచి 24 అని పెడితే ఒక్క క్లిక్‌లో అయిపోయింది. ఇంకోటి, లైనుకి 42 క్యారెక్టర్లు అనే లెక్క మనకి పనికిరాదు, ‘స్త్రీ’ అనేది కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కి ఆరు. కాబట్టి లైను పొడుగైందని సాఫ్ట్‌వేర్ ఎర్ర రంగు చూపించినా పట్టించుకోకుండా గట్టిగా చదివి చూస్తున్నా, మాట పూర్తయ్యేలోపు చదవగలిగితే ఉంచుతున్నా. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు దాచగలిగే ఎన్‌కోడింగ్) తప్పనిసరి, లేదంటే అన్నీ ప్రశ్న గుర్తులే. మా టీవీ పెన్‌డ్రైవ్‌లో తెలుగు ఫైల్ పెడితే డబ్బాలు చూపించింది, అందుకని నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వీడియో మీదే అచ్చేసుకున్నా. రెండు లైన్లు దగ్గరైతే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో కలిసిపోతున్నాయి, వీలైనంతవరకు ఒక్క లైనే.

సంగీతం సోఫియా గుబైదూలినాది. పిల్లలు తరిమే చోట్ల మాటలు తక్కువ, అక్కడ ఖాళీ దొరికింది కదా అని కింద ఏమీ నింపొద్దు, నేను ముందు అరుపులన్నీ రాసి, చూసుకుని, తీసేశా. కన్ను లేనా మొహం మీద ఉండాలి.

ఇప్పుడు రెండో భాగం మొదలు. లేనా గుండు చేయించుకుని, కాలిన గౌనులో దీమా పుట్టినరోజుకి వస్తుంది, మన ఇళ్ళల్లో గుండంటే మొక్కే గుర్తొస్తుంది, కానీ అక్కడ మాట అవసరం లేదు, ఆ పిల్ల కళ్ళు చాలు. తేలనిది ఒకటే, చివర్లో బోర్డు మీద రాత: “చూచెలో, ప్రస్తీ నాస్”, అంటే మమ్మల్ని క్షమించమని. ‘మన్నించు’ పుస్తకం భాష, ‘సారీ’ మరీ తేలిక. మా ఏడో క్లాసు పాపని అడిగితే కాసేపు ఆలోచించి, “మాది తప్పే, దిష్టిబొమ్మా” అంది. ప్రస్తుతానికి అదే పెట్టా.