అమృత్‌సర్‌లో సుఖాసన్ వేళ

మొన్ననే అమృత్‌సర్ నుంచి వచ్చాం. మొక్కు తీరిన సంతోషం ఇంకా చల్లారలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను. హర్‌మందిర్ సాహిబ్, అంటే మనం స్వర్ణ దేవాలయం అనే గుడి, దాని బంగారు తాపడం సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది అక్కడ సిక్కులు గురువుగా కొలిచే పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌ను రాత్రి ఎలా పడుకోబెడతారో, తెల్లవారుజామున ఎలా మేల్కొలుపుతారో.

రాత్రి సేవను సుఖాసన్ అంటారు. వేళ ఋతువును బట్టి మారుతుంది, కాబట్టి ఆ పూట సేవాదార్లను అడిగి తెలుసుకోవడమే మేలు. కీర్తన ముగిసి, అర్దాస్ అనే ప్రార్థన, హుకంనామా అనే గ్రంథ పఠనం అయ్యాక బీడ్‌ను మూస్తారు. గ్రంథాన్ని వాళ్లు బీడ్ అనీ, స్వరూప్ అనీ అంటారు. దాన్ని శుభ్రమైన బట్టల్లో చుట్టి, పైన రుమాలాలనే అలంకార వస్త్రాలు కప్పి, తలమీద మెత్త వేసుకుని దానిమీద ఎత్తుకుంటారు. చంకలో ఇరికించుకోవడం, చేత్తో వేలాడేసుకోవడం అనేదే ఉండదు. ఒకరు చౌర్ వీస్తూ ఉంటారు. చౌర్ అంటే మన వింజామర. పూలతో అలంకరించిన బంగారు పల్లకీలో పరుపు, దిళ్లు సిద్ధంగా ఉంటాయి. కొమ్ముబూర లాంటి నరసింఘా మోగగానే పల్లకీ కదులుతుంది. వంతెన దాటి, దర్శనీ డ్యోఢీ అనే ద్వారం దాటి, సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్‌లో గ్రంథం రాత్రి ఉండే గది కోఠా సాహిబ్‌కు చేరుతుంది.

ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్నదే. 1604లో ఐదో గురువు గురు అర్జన్ దేవ్ ఈ గ్రంథపు తొలి రూపమైన ఆది గ్రంథాన్ని హర్‌మందిర్‌లో ప్రతిష్ఠించారు. బాబా బుడ్ఢా తొలి గ్రంథి, అంటే గ్రంథాన్ని చదివి చూసుకునే సేవకుడు. రాత్రి గ్రంథాన్ని మంచం మీద పడుకోబెట్టి, గురువుగారు పక్కన నేలమీద పడుకునేవారట. అప్పటికి అది ఇంకా గురు పీఠం ఎక్కలేదు. ఆ పీఠాన్ని 1708లో నాందేడ్‌లో పదో గురువు గురు గోవింద్ సింగ్ ఇచ్చారు.

పల్లకీకి మగవాళ్లే భుజం పడతారు. ఆడవాళ్లకు ఆ వంతు రాకపోవడం నాకు బాధగానే అనిపించింది. రెండువైపులా వరసలు కట్టి, ఒక్కొక్కరు నాలుగడుగులు మోసి పక్కకు తప్పుకుంటారు. ఆ కాసేపట్లోనే తోపులాట మొదలవుతుంది. ముందువాళ్లు ఫోన్లు పైకెత్తితే వెనకవాళ్లకు కనిపించేది ఫోన్లే. అంతదూరం వచ్చి గురువును తెరమీద చూసుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అప్పుడే ఒక ముసలి సర్దార్‌జీ నన్ను మోచేయి పట్టి తన చోటులోకి లాగి, "వాహెగురూ అను, పట్టుకో" అన్నారు. ఆయన వంతు నాకు దక్కింది. ఆ నాలుగడుగుల్లో రుమాలా అంచు ఒక్కటే కనిపించింది. అది చాలు.

తెల్లవారుజామున పల్లకీ తిరిగి వచ్చాక ప్రకాశ్ చేస్తారు. మంజీ సాహిబ్ అనే చిన్న మంచం, దానిమీద దిళ్లు, పైన చాందినీ. బీడ్ తెరిచాక చదవని భాగాన్ని చిన్న రుమాలాలతో కప్పుతారు. మొత్తం 1430 పుటలు, అయితే పుట అనరు, అంగ్ అంటారు. తెరుచుకున్నచోట ఎడమవైపు అంగ్ పైభాగంలో ఉన్న శబద్, అంటే అక్కడి పద్యమే, ఆనాటి హుకం. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఆ శబద్ ముందు అంగ్‌లో మొదలై ఉంటే వెనక్కి తిప్పి మొదటినుంచి చదవాలి, సగంలోంచి ఎత్తుకోకూడదు. నచ్చలేదని ఇంకోచోట తెరవనూ కూడదు. హుకం అంటే ఆజ్ఞ కదా.

మనవాళ్లు మొక్కు అనగానే కొబ్బరికాయ, అగరొత్తులు సంచిలో వేసుకుంటారు. అక్కడ వాటితో పని లేదు. సిక్కుల నియమావళి అయిన సిక్కు రహత్ మర్యాద కలశం, నేతిదీపం, కొబ్బరికాయ పెట్టడాన్ని ఒప్పుకోదు. మొక్కుగా రుమాలా ఇవ్వవచ్చు, కడా ప్రసాద్ చేయించవచ్చు. పిండి, చక్కెర, నెయ్యి సమంగా తూచి చేసే ప్రసాదం అది. కూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. నెయ్యి ధారాళంగా ఉంటుంది, అందుకని ఆ చేతులతోనే గుట్కా అనే ప్రార్థన పుస్తకం ముట్టుకుంటే పుటలు పాడైపోతాయి. ముందు కడుక్కోవాలి.

గుట్కా అంటే మన ఊళ్లో పొగాకు పొట్లం. అక్కడ గుట్కా సాహిబ్ అంటే నిత్నేమ్, అంటే రోజువారీ ప్రార్థనల చిన్న పుస్తకం. పొగాకు మాత్రం జేబులో కూడా ఉండకూడదు. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎలా చూసుకుంటారో బసలో పక్కగది కుటుంబాన్ని చూసి నేర్చుకున్నాను. చేతులు కడిగి, తల కప్పుకుని, బట్ట విప్పి చదువుతారు, మళ్లీ చుట్టి ఎత్తైన చోట పెడతారు. నేలమీద, దిండు కింద, కాళ్లవైపు పెట్టరు. వేలికి ఉమ్మి తడి చేసుకుని పుట తిప్పరు. పూర్తి స్వరూప్ ఇంట్లో ఉంచుకోవాలంటే దానికో గది, పొద్దున ప్రకాశ్, రాత్రి సుఖాసన్ తప్పవు. ఆ గదిపైన మనుషులు తిరగకుండా పై అంతస్తులో పెట్టుకుంటారు. అంత కుదరనివాళ్లు గుట్కాతోనో, విడి సంపుటాలైన సైంచీలతోనో పారాయణ చేసుకుంటారు. జీర్ణమైన బీడ్‌లను చెత్తలో వేయడం ఊహకు కూడా అందదు. గోయింద్‌వాల్ సాహిబ్‌లో మనిషికి చేసినట్టే అగ్నిసంస్కారం చేస్తారు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇదంతా కొత్తగా అనిపించదు. అంతదూరం వెళ్లలేనివాళ్లు నాందేడ్ హజూర్ సాహిబ్ చూడండి. నిజామాబాద్ మీదుగా రైలుంది. అక్కడి మర్యాద కొంచెం వేరు, దీపాలతో హారతి కూడా ఇస్తారు. గ్రంథం గురువైన ఊరు అదే. ఆ ఊరిని ఒరుసుకుని పారే గోదావరే దిగువన మన పిల్లలు అక్షరాలు దిద్దే బాసరకు వస్తుంది.